పిడుగు పడింది మా పంది మీద

లుఛియావ్ గ్రామం
రెండో నెల

షావోషింగ్ పట్టణంలో ఉండే మియావ్ జీషెన్ పెద్దయ్యగారి సముఖానికి,

ముందు నేనెవరో చెప్పి మొదలుపెడతాను. నేను నియె వారి ఆడపడుచును, పాంగ్ వారి కోడలిని. చిన్నప్పటి పేరు ఒకటి ఉంది గానీ దానితో పిలిచేవాళ్ళంతా పోయారు. వయసు డెబ్బై మూడు. ఇంట్లో నేను, నా కొడుకు కూతురు తావ్‌యే, కొన్ని బాతులు. కొడుకూ కోడలూ ఒకే వాంతుల రోగంలో పోయారు. నాకు చదువు రాదు. వంతెన దగ్గర బల్ల వేసుకుని ఉత్తరాలు రాసే లెంగ్ చేత ఇది రాయిస్తున్నాను. నేను చెప్పిందే రాయాలి, మర్యాద కోసమని నా మాటలు కడగకూడదు, అని అతనితో ఒప్పందం.

విషయం ఏమిటంటే, మీరు అచ్చు వేయించిన "కుంటిబల్ల కబుర్లు" పుస్తకంలో నేను చచ్చిపోయాను.

మొన్న పెళ్ళిళ్ళు కుదిర్చే హౌ అమ్మ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గడప దాటకముందే టీ అడిగే మనిషి, ఆరోజు అడగలేదు. చేతిలో ఎర్ర గుడ్డలో చుట్టిన తావ్‌యే జాతకపు కాగితం. కాలవ అవతలి ఊళ్ళో బియ్యపు సారా కాచే యువాన్ వారు మా పిల్లని తమ రెండో అబ్బాయికి ఖాయం చేసుకుని ఏడాది అయింది. ఇప్పుడు కాగితం తిప్పి పంపారు.

"ఏం, ఏడాది తర్వాత జాతకం మారిందా?" అన్నాను.

"జాతకం కాదక్కా, పుస్తకం. పిడుగుపడి చచ్చినదాని ఇంటి పిల్లని ఎట్లా తెచ్చుకుంటామంటున్నాడు యువాన్."

"ఎవరు చచ్చింది?"

"నువ్వే."

నేను దాని ఎదురుగా కూర్చుని బాతుకి ఈకలు పీకుతున్నాను. హౌ అమ్మ నన్ను చూసి కళ్ళు దించుకుంది. యువాన్‌కి నేను బతికున్నానని తెలుసట. పోయిన పండక్కి నేను పంపిన బాతుగుడ్లు తిన్నాడు కూడా. "కానీ మా దగ్గర సారా కొనే పెద్దమనుషులు పుస్తకం చదువుతారు గానీ ఆవిణ్ణి చూడరు కదా" అన్నాడట.

లెంగ్ చేత ఆ పుట చదివించుకున్నాను. లుఛియావ్‌లో పాంగ్ ఇంట్లో గుడ్డి అత్త ఉండేదట. కోడలు నియె తాను మాంసం తిని, అత్తకి వానపాములు ఉడకబెట్టి మాంసమని చెప్పి పెట్టేదట. ఆరో నెలలో ఉరుముల దేవుడు దిగొచ్చి కోడల్ని వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చంపాడట. చేసిన పాపమంతా వీపు మీద ఎర్ర అక్షరాలతో రాశాడట.

నా వీపు నాకు కనబడదు. నీళ్ళు పోసుకునేటప్పుడు తావ్‌యేని చూడమన్నాను. దానికీ చదువు రాదు గానీ అక్షరం ఎలా ఉంటుందో తెలుసు. "చెమటకాయలున్నాయి నాయనమ్మా, కావడి మోసిన కాయ ఉంది" అంది. అంతే.

ఎన్నో ఏళ్ళ కింద ఒక ఆరో నెలలో పిడుగు పడింది నిజమే. మా పంది మీద పడింది. నాలుగు రోజుల్లో ఈనాల్సిన పంది. దాని వీపు మీద కూడా ఏమీ రాసి లేదు. అది ఏ అత్తకి ఏం పెట్టిందో మీరే తేల్చాలి.

ఆ పుట తీయించండి. యువాన్ వారికి ఒక ముక్క రాయండి. తావ్‌యేకి పందొమ్మిది. ఈ ఏడు దాటితే దాన్ని అడిగేవాళ్ళుండరు. నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు. నేను పోయాక ఈ ఇంట్లో అది ఒక్కతే, చుట్టూ మీ పుస్తకం చదివిన ఊళ్ళు.

ఇట్లు, బతికి ఉన్న
పాంగ్ ఇంటి నియె (వేలిముద్ర)


షావోషింగ్ పట్టణం, కుంటిబల్ల చావడి
రెండో నెల చివర

లుఛియావ్ గ్రామం, పాంగ్ ఇంటి నియె అనే స్త్రీకి,

మీ ఉత్తరం చేరింది. ఇటువంటివాటికి నేను బదులు రాయను. మీ వయసును గౌరవించి రాస్తున్నాను.

నేను ప్రాంతీయ పరీక్షలో నెగ్గినవాణ్ణి, రెండు జిల్లాల్లో ప్రభుత్వ కొలువు చేసినవాణ్ణి. ఉద్యోగం విడిచాక, ఒక కాలు పొట్టిదైన ఈ పాత బల్ల ముందు కూర్చుని, జీవితమంతా చూసినవీ విన్నవీ రాసుకున్నాను. వింత రాళ్ళ గురించి, పాత సమాధుల గురించి, వైద్యం గురించి, పుణ్యపాపాల ఫలితాల గురించి. లోకాన్ని మంచి దారిలో పెట్టడమే వాటి ప్రయోజనం. ఆ పుట చదివి ఎందరో కోడళ్ళు అత్తల ముందు తలవంచారని నాకు ఉత్తరాలు వస్తున్నాయి. మీరు బతికి ఉన్నారన్నది సంతోషకరమైన సంగతే. కానీ ఆ కథ చేసే మేలుకు దానితో పని లేదు.

పైగా ఆ వృత్తాంతం నాకు నమ్మదగిన మనిషి ద్వారా తెలిసింది. కళ్ళతో చూసినవాడు. పేరు చెప్పను. సారా వ్యాపారి పిరికితనానికి నా పుస్తకం బాధ్యత వహించదు. ఇంకొక మాట. దోషం లేనివాళ్ళు ఇటువంటివి విని నవ్వి ఊరుకుంటారు. మీకు ఇంత కోపం ఎందుకు వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

ఈ వయసులో వివాదాలు వదిలి పుణ్యకార్యాలు చేసుకోవడం మంచిది. నా పుస్తకంలోనే, వీధుల్లో పడిన రాత కాగితాలను ఏరి, భక్తితో దహనం చేసి నిండు నూరేళ్ళు బతికిన ఒక ముసలమ్మ కథ ఉంది. చదివించుకుని అనుసరించండి.

మియావ్ జీషెన్


లుఛియావ్ గ్రామం
నాలుగో నెల

మియావ్ పెద్దయ్యగారికి,

మీ సలహా బాగుంది. అనుసరించాను.

మీకు తెలియదు గానీ నేను పెళ్ళై వచ్చిన కొత్తలోనే ఆ పని మొదలుపెట్టాను. మా అత్త నేర్పింది, మీ లెక్కన నేను వానపాములు పెట్టిన అత్తే. అక్షరం రాదు గనకే నాకు అక్షరమంటే భయం. చేపలు చుట్టిన కాగితం మీద నాలుగు గీతలు కనబడినా వెదురు పటకారుతో తీసి బుట్టలో వేస్తాను. పదిహేనో రోజున వంతెన పక్క అక్షరాల పొయ్యిలో అగరొత్తి వెలిగించి కాలుస్తాను, బూడిద కాలవలో కలుపుతాను. ఏ కాగితంలో ఏముందో ఎప్పుడూ అడగలేదు. రాసినవాడు పెద్దమనిషే అయుంటాడు, మంచిదే రాసుంటాడు అనుకునేదాన్ని.

మీ ఉత్తరం వచ్చాక బుట్ట భుజాన వేసుకుని మా ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగాను. మగవాళ్ళు పొలాల్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళాను. గుమ్మం ముందు నిలబడి "పనికిరాని రాత కాగితం ఏమన్నా ఉందా తల్లీ" అని అడిగాను. ఎప్పుడూ అడిగే మాటే. దానికి "కుంటిబల్ల ఉన్నా సరే" అని మాత్రం కలిపాను.

పెద్దయ్యగారూ, మీ పుస్తకం ఇన్ని ఇళ్ళలో ఉందని నాకు తెలియదు. అమ్ముడుపోయిందని సంతోషించండి. తెడ్డు పడవల షెన్ కోడలు ఒక్క మాటైనా అడగకుండా లోపలికెళ్ళి తెచ్చి బుట్టలో పడేసింది.

"మీ ఆయన అడిగితే?" అన్నాను.

"ఎలకలు కొట్టాయంటాను. అన్నం దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఆ వానపాముల పుటే చదివి వినిపిస్తాడవ్వా. వాళ్ళమ్మ తిని మూతి తుడుచుకుంటూ నా వీపు వైపు చూస్తుంది."

నూలు వడికే చిన్నావిడ రెండు ఇచ్చింది. ఒకటి మామగారిది, ఒకటి మొగుడిది. ఇంకో ఇంట్లో అత్తే తెచ్చి ఇచ్చింది. "దీన్ని చదివించుకున్నప్పటి నుంచీ మా కోడలు నాకు మాంసం పెట్టినా నాకు ముద్ద దిగడం లేదు, తీసుకుపో" అంది. మీరు మంచి దారిలో పెట్టిన లోకం ఇలా ఉంది.

అన్నీ పద్ధతిగానే కాల్చాను. ఒక్క కాగితం కింద పడనివ్వలేదు, ఒక్కటి తొక్కనివ్వలేదు. మీ పుస్తకాలకి అంత మర్యాద మీ ఇంట్లో కూడా జరిగి ఉండదు.

పుస్తకాలు ఇక్కడ అయిపోయాయి గానీ వాటిని అచ్చు వేసే చెక్క పలకలు మీ దగ్గర ఉన్నాయిగా. పలకలున్నంత కాలం మీరు అచ్చు వేస్తూనే ఉంటారు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఆ పుట చెక్కిన పలకని కోయించండి. లేదంటే నా బుట్ట పెద్దది.

పాంగ్ ఇంటి నియె (వేలిముద్ర)


షావోషింగ్ పట్టణం, కుంటిబల్ల చావడి
నాలుగో నెల చివర

నియె అనే స్త్రీకి,

మీరు చేసింది పుస్తక దహనం. దానికి ఏ పేరు పెట్టినా అది అదే. ఇక్కడి కచేరీ అధికారి నా పాత సహాధ్యాయి. నేను ఒక్క అర్జీ పంపితే మీ గ్రామ పెద్దను పిలిపించి, మిమ్మల్నీ, ఆ లెంగ్ అనేవాణ్ణీ మోకాళ్ళ మీద కూర్చోబెడతాడు. నా పుస్తకంలో ఆ ముసలమ్మను నేనే మెచ్చుకున్నానని అక్కడ మీరు అంటారని తెలుసు. అందుకే ఇంకా పంపలేదు. నా సహనాన్ని బలహీనత అనుకోకండి.

అబద్ధం రాశానని ఊరూరా చెప్పుకుంటున్నారని విన్నాను. కాబట్టి పుస్తకంలో వేయని ఒక్క వివరం చెబుతాను. నాకు ఈ సంగతి తెలిపినవాడు ఆ ఆహారాన్ని ఉంచిన గిన్నెను కూడా చూశాడు. నీలి పూత గిన్నె. పగిలితే మూడు ఇత్తడి కొక్కీలతో అతికించినది. అడుగున చేప బొమ్మ ఉంది. ఆ గిన్నె మీ ఇంట్లో లేదని చెప్పగలరా? మీ గుడ్డి అత్త తన నోటితో "ఇది నాకు వానపాములు పెడుతోంది" అని అతనితో చెప్పలేదని చెప్పగలరా?

చెప్పలేరు. ఇక దీని గురించి రాయకండి.

తొమ్మిదో నెలలో చేమంతుల విందు రోజున ఈ పుస్తకాన్ని మరికొన్ని కబుర్లు చేర్చి తిరిగి అచ్చు వేయిస్తున్నాను. పెద్దలు ముందుమాట రాశారు. మీ పుట అందులోనూ ఉంటుంది.

మియావ్ జీషెన్


లుఛియావ్ గ్రామం
ఆరో నెల

మా ఇంట్లో తిన్న మియావ్ జీషెన్‌కి,

ఇకనుంచి నిన్ను నువ్వనే అంటాను. లెంగ్ కలం ఆపి "అవ్వా, ఆయన ప్రాంతీయ పరీక్ష నెగ్గినవాడు" అన్నాడు. నా చేతి కూడు తిన్నవాణ్ణి మీరు అనడం నాకు అలవాటు లేదు, రాయి అన్నాను.

నీ ఉత్తరంలో గిన్నె మాట విన్నాక నేను ఆ గిన్నె అటక మీంచి దింపి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో మంచి గిన్నె అదొక్కటే. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది. పగిలితే అతికించుకున్నాను. మా అత్త దాంట్లో ఎప్పుడూ తినలేదు. కళ్ళు లేని మనిషి, చేయి జారితే పగులుతుందని చెక్క గిన్నెలో పెట్టేదాన్ని. నీలి గిన్నె వచ్చినవాళ్ళకి తీసేది. వచ్చేవాళ్ళు మాత్రం ఎంతమంది? పేదిల్లు.

చేప బొమ్మ అడుగున ఉంది. అది కనబడాలంటే గిన్నె ఖాళీ కావాలి.

అప్పుడు గుర్తొచ్చావు. నలభై ఏళ్ళు దాటింది. ఆరో నెల, మధ్యాహ్నం చీకటి పడిపోయి వాన. పుస్తకాల మూట నూనె గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని ఒక కుర్రాడు మా చూరు కిందికి పరిగెత్తుకొచ్చాడు. పరీక్షకి హాంగ్‌ఝౌ పోతున్నాను, పడవ తప్పిందన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. లోపలికి రమ్మన్నాను. పొయ్యి మీద నత్తల కూర ఉంది. పెంకులు తీసి, అత్తకి నమలడానికి వీలుగా సన్నగా పొడుగ్గా కోసి, అల్లం వేసి ఉడికించినది. నీకు నీలి గిన్నెలో పెట్టాను.

మంచం మీంచి మా అత్త అంది, "బాబూ, చదువుకునే అబ్బాయిలా ఉన్నావు, నువ్వైనా చెప్పు, ఇది నాకు వానపాములు పెడుతోంది." అవును, అంది. ఆవిడ అందరితో అనేది. నూడుల్స్ పెడితే దారాలు పెడుతోందనేది, మందు పోస్తే బాతు రెట్ట పోస్తోందనేది. పోయిన కళ్ళ మీద కోపం, ఎవరి మీద చూపించుకుంటుంది? నా మీదే. పెద్దకోడలు ఏడుస్తూ వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను. రాత్రి కాళ్ళు పడితే నా చేయి వదిలేది కాదు. అది నీకు కనబడలేదు, అప్పటికి నిద్రపోయావుగా.

నువ్వు నవ్వావు. "అయితే వానపాములు చాలా బావున్నాయి మామ్మగారూ, ఇంకాస్త పెట్టమనండి" అన్నావు. మా అత్త కూడా నవ్వింది. కళ్ళు పోయాక ఆవిడ నవ్వడం అదే చూశాను. అందుకే నిన్ను గుర్తుపెట్టుకున్నాను. రెండో గిన్నె నీ చేతిలో ఉండగా పిడుగు పడింది. నువ్వూ నేనూ వాకిట్లోకి వెళ్ళి చూశాం. పంది. తెల్లారి నీ చెప్పులు ఇంకా తడిగా ఉంటే, పోయిన నా మొగుడి గుడ్డ చెప్పులు ఇచ్చాను. వేసుకుని వెళ్ళావు.

నమ్మదగిన మనిషి అన్నావు. కళ్ళతో చూసినవాడు అన్నావు. అతను నువ్వేగా.

నీకు ముసలావిడ సణుగుడు దొరికింది, పిడుగు దొరికింది. కథకి చావు కావాలి. పంది చస్తే పుస్తకంలో ఎవరికీ బుద్ధి రాదు. అందుకని నన్ను చంపావు.

ఇప్పుడు నన్ను కచేరీకి పిలిపించు. నేను గిన్నె పట్టుకుని వస్తాను. మోకాళ్ళ మీద కూర్చుని నీ సహాధ్యాయిని ఒక్కటే అడగమంటాను: అయ్యా, ఈ పెద్దమనిషి ఆరోజు రెండు గిన్నెలు తిన్నది ఏమిటో ఆయన్నే చెప్పమనండి. నత్తలంటే, పుస్తకంలో రాసింది అబద్ధం. వానపాములంటే, తిని ఇంకా అడిగాడు. రెంట్లో ఏది చెబుతాడో చెప్పనీ.

కచేరీకి పిలవకపోయినా వస్తాను. చేమంతుల విందు ఎప్పుడో నువ్వే రాశావు.

నియె (వేలిముద్ర)


షావోషింగ్ పట్టణం
తొమ్మిదో నెల

పాంగ్ ఇంటి నియె గారికి,

నిన్న నా ఇంటి ముందు మీరు చేసినదాన్ని ఏమనాలో నాకు మాటలు దొరకడం లేదు.

పద్దెనిమిది మంది అతిథులు. ఇద్దరు మాజీ జిల్లా అధికారులు. నా గేటు పక్కన కుంపటి పెట్టుకుని, మట్టికుండ నిండా నత్తల కూరతో, ఆ గిన్నెతో మీరు. "తిని లోపలికెళ్ళండి నాయనా, మీ స్నేహితుడికి ఇష్టమైన కూర" అంటూ ప్రతివాళ్ళకూ. మా వంటవాళ్ళు మూడు రోజులు కష్టపడి వండిన పీతల్ని ఎవరూ ముట్టలేదు. కవిత్వం చదవాల్సిన పెద్దలు మూతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళారు.

విందు మధ్యలో నా వియ్యంకుడు, మంచి మనిషే గానీ నోరు ఆగదు, అందరి ముందూ అడిగాడు. "జీషెన్, మీ పుస్తకంలో కూర ఇదేనా?"

నేను ఏం చెప్పానో మీకు అనవసరం.

తిరిగి అచ్చు వేయడం ప్రస్తుతానికి ఆపాను. ముందుమాట రాసినవారి గౌరవం కోసం ఒక ఏర్పాటు ఆలోచించాను. ఇది చివరి మాట. పలకలో ఊరి పేరూ, ఇంటి పేరూ, మీ పేరూ ఉన్న చోట్లు తవ్వించి వేరే చెక్క ముక్కలు బిగిస్తాం. లుఛియావ్ తీసి, పై జిల్లాలో ఇంకో ఊరు పెడతాను. మీ పేరు తీసి వేరే పేరు వేస్తాను. కథ కథలాగే ఉంటుంది, మీకు నష్టం ఉండదు. ఇది అంగీకరిస్తే మీ సారా వ్యాపారికి నేనే రాస్తాను.

మియావ్ జీషెన్


లుఛియావ్ గ్రామం
తొమ్మిదో నెల చివర

మియావ్ జీషెన్‌కి,

నీ వియ్యంకుడికి కూర బాగా నచ్చింది. ఎలా వండాలో అడిగితే చెప్పాను.

నీ ఏర్పాటు లెంగ్ చదివితే తావ్‌యే బాతులకి మేత వేస్తూ విన్నది. మొదట సంతోషించింది. "అయిపోయినట్టేగా నాయనమ్మా" అంది. కాసేపటికి మేత గిన్నె కింద పెట్టి అడిగింది, "పై జిల్లాలో ఆ ఊళ్ళో ఆ పేరున్నావిడ ఎవరు?"

"ఎవరో. ఉండకపోవచ్చు."

"ఉంటే? వాళ్ళింట్లో నాలాంటిది ఉంటే?"

నా జవాబు అదే. దానికి పందొమ్మిది, చదువు రాదు, పరీక్షలు నెగ్గలేదు. నన్ను చంపడం మానేసి ఇంకొకావిణ్ణి చంపుతానంటే ఒప్పుకుంటానా? ఆవిడకి బుట్ట ఉండకపోవచ్చు. నీలి గిన్నె ఉండకపోవచ్చు. ఎవరి కూర వండి ఎవరి గేటు ముందు కూర్చుంటుంది?

పుట మొత్తం తీయి. తవ్విన చెక్క పొడి నాకు పంపు. అక్షరాలు చెక్కిన పొట్టు నీ పలకలవాడి కొట్లో జనం కాళ్ళ కింద పడటం నాకు ఇష్టం లేదు. నా చావే అయినా అక్షరాలే కదా. నేను పొయ్యిలో వేస్తాను.

యువాన్‌కి నువ్వు రాయక్కర్లేదు. విందు సంగతి పడవల మీద అతని ఊరు చేరిపోయింది. మొన్న హౌ అమ్మ వచ్చింది. ఈసారి టీ అడిగింది.

"కాగితం మళ్ళీ ఇవ్వమంటున్నాడక్కా. దాన్ని తీసుకురమ్మని నన్ను పంపాడు."

"నిన్నెందుకు? తిప్పి పంపేటప్పుడు నిన్ను పంపాడు, సరే. అడగడానికి తనే రావాలి. వచ్చి నేను బతికున్నానో లేదో తన కళ్ళతో చూసి, చూశానని నలుగురిలో రాయాలి."

"పెద్దమనిషి, రాడేమో."

"రాకపోతే తావ్‌యేకి బాతులున్నాయి" అన్నాను. పిల్ల చూస్తున్నది నన్ను. దాని మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. అబ్బాయి దానికి నచ్చాడని నాకు తెలుసు. అయినా కాదనలేదు.

నియె (వేలిముద్ర)


షావోషింగ్ పట్టణం
పదో నెల

పాంగ్ వారి అవ్వగారికి,

పుట తీయించాను. పొట్టు ఈ సంచిలో ఉంది.

పలకలో ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. ముందూ వెనకా పుటలు ఉన్నాయి గనక అక్కడ ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే అచ్చులో తెల్లగా ఖాళీ పడుతుంది, ఏదో తీసేశారని చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది. నేను కొన్నిసార్లు రాయబోయాను. కుదరలేదు. అక్కడ ఏముండాలో మీరు చెప్పండి. పలకలవాడు ఎదురుచూస్తున్నాడు. చిన్నదిగా చెప్పండి.

సంచితో పాటు ఒక జత గుడ్డ చెప్పులు పంపుతున్నాను.

జీషెన్


లుఛియావ్ గ్రామం
పదకొండో నెల

మియావ్ జీషెన్‌కి,

పొట్టు చేరింది. మామూలుగానే కాల్చాను. మామూలు కంటే కాస్త పొగ ఎక్కువ వచ్చింది, సిరా ఇంకిన చెక్క.

చెప్పులు తిప్పి పంపుతున్నాను. అంగట్లో కొన్నవి, అట్ట మీద కుట్టు వదులు. నేను ఇచ్చినవి నా మొగుడి కోసం నేను కుట్టినవి. అవి నీ దగ్గర ఉంటే పంపు. లేకపోతే ఏమైనాయో ఏ పుస్తకంలోనూ రాయకు.

ఖాళీలో ఏం వేయాలని అడిగావు. చచ్చేటప్పుడు నాకు ఒక పుటంతా ఇచ్చావు. బతకడానికి అంత చోటు అక్కర్లేదు. ఇది వేయించు. లెంగ్ రెండుసార్లు చదివి వినిపించాడు, ఒక మాట పెద్దదిగా చేయబోతే మళ్ళీ చిన్నది చేయించాను. కింద నా గుర్తు ఎలా ఉందో అలాగే చెక్కించు. వంకరగా ఉంటే వంకరగానే.

"లుఛియావ్‌లో పాంగ్ వారి కోడలు, నియె వారి ఆడపడుచు, డెబ్బై మూడేళ్ళది, మనవరాలితో ఉంటున్నది, చెబుతున్నది. ఒక ఆరో నెలలో మా ఇంట పిడుగు పడింది. పంది మీద పడింది. మా అత్తకి కళ్ళు లేవు. ఆమెకు పెట్టిందే ఆరోజు వానలో వచ్చిన ఒక చదువుకునే అబ్బాయికీ పెట్టాను. నత్తల కూర. అతను రెండు గిన్నెలు తిన్నాడు, మా అత్తని నవ్వించాడు. ఆమె ఆ తర్వాత ఐదేళ్ళు బతికి, నా చేయి పట్టుకుని పోయింది. నేను ఉన్నాను."

అబ్బాయి పేరు వేయలేదు, చూసుకో. నువ్వు నాది వేశావు.

ఇది నేను చెప్పగా రాసింది, నేను విని ఒప్పుకున్నది.

పాంగ్ ఇంటి నియె, గుర్తు: కుడి బొటనవేలు

సాక్షులు:

యువాన్ దెహౌ, సారా కాచేవాడు. ఈమె వాకిట్లో బతికి ఉండగా నా కళ్ళతో చూశాను. అమ్మాయి జాతకపు కాగితం కోసం నేనే వచ్చాను.

లెంగ్, వంతెన దగ్గర ఉత్తరాలు రాసేవాడు. ఆమె చెప్పిందే రాశాను, కడగలేదు.

తావ్‌యే, మనవరాలు, ఎడమ బొటనవేలు. నాయనమ్మ వీపు నేను చూశాను. దాని మీద ఏమీ రాసి లేదు.